ఫోల్డర్ మీ ముందే ఉంటుంది... ఫైల్ మాత్రం పక్క బిల్డింగ్‌లో!

ల్యాబ్‌లో ఏ సిస్టమ్ ముందు కూర్చున్నా మీ ఫైళ్లే ఎలా కనిపిస్తాయి? నలభై ఏళ్లుగా తెరవెనక పనిచేస్తున్న ఎన్‌ఎఫ్‌ఎస్ గురించి, దాన్ని నమ్ముకునే ముందు మనం అడగాల్సిన ఒక ప్రశ్న గురించి...

సోమవారం 14వ నంబర్ సిస్టమ్‌లో ప్రోగ్రామ్ రాసి సేవ్ చేస్తారు. బుధవారం వచ్చేసరికి అందులో ఇంకెవరో కూర్చుని ఉంటారు. మీరు 31కి పోయి లాగిన్ అవుతారు. అదే డెస్క్‌టాప్, అదే ఫోల్డర్, సోమవారం సగంలో ఆపిన అదే ప్రోగ్రామ్. కాపీ చేసింది లేదు, పెన్‌డ్రైవ్ పెట్టింది లేదు, మెయిల్ పంపుకున్నదీ లేదు.

చాలామంది దీన్ని అసలు పట్టించుకోరు. కుళాయి తిప్పితే నీళ్లొచ్చినట్టు, లాగిన్ అయితే ఫైళ్లొస్తాయి అంతే. నేను తిరుపతి-చిత్తూరు రోడ్డు మీద ఉన్న ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కొన్నేళ్లు కంప్యూటర్ ల్యాబ్ చూసుకున్నాను. అక్కడ రోజూ వినే మాట ఒకటే. "అన్నా, నా ఫోల్డర్ యాడుండాది?" నిజం చెప్పాలంటే ఆ ఫోల్డర్ 14లో లేదు, 31లో లేదు. పక్క బిల్డింగ్‌లో ఏసీ గదిలో గుయ్యిమంటూ తిరిగే సర్వర్‌లో ఉంది. పిల్లల ముందున్న సిస్టమ్‌లు దాన్ని దూరం నుంచి చూపిస్తున్నాయంతే.

ఈ పని చేసేదాని పేరు నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్. ముద్దుగా ఎన్‌ఎఫ్‌ఎస్.

'ఫైనల్', 'ఫైనల్ 2', 'ఇదే ఫైనల్'

ఇది లేని ల్యాబ్ ఎలా ఉంటుందో చూసినవాళ్లకే దీని విలువ తెలుస్తుంది. ఒక్కో సిస్టమ్‌లో ఒక్కొక్కరి ఫైళ్లు. మీ సిస్టమ్ దొరక్కపోతే ఆ రోజు పని లేదు. దాంతో అందరి జేబుల్లో పెన్‌డ్రైవ్‌లు. ఒక పెన్‌డ్రైవ్‌లో వైరస్ ఉంటే సాయంత్రానికి ల్యాబ్ మొత్తం జ్వరమే. ప్రాజెక్టు రిపోర్టు పేరు 'ఫైనల్', ఇంకోచోట 'ఫైనల్ 2', మూడోచోట 'ఇదే ఫైనల్'. ఏది అసలుదో రాసినవాడికీ తెలియదు. ఇంక రివ్యూకి రెండు రోజుల ముందు ఆ సిస్టమ్ హార్డ్‌డిస్క్ పోయిందంటే నాలుగు నెలల పని గంగలో కలిసినట్టే.

ఒక్క సర్వర్‌లో అందరి ఫైళ్లూ పెడితే బ్యాకప్ ఒక్కచోట తీస్తే చాలు. సిస్టమ్ పాడైతే తీసి పక్కన పెట్టొచ్చు, ఫైళ్లకేమీ కాదు. అసలు కాపీ ఒక్కటే ఉంటుంది కాబట్టి 'ఏది ఫైనల్' అన్న గొడవ చాలావరకు తగ్గుతుంది.

1984లో మొదలైన కథ

సన్ మైక్రోసిస్టమ్స్ అనే కంపెనీ 1982లో అమెరికాలో మొదలైంది. పెట్టిన నలుగురిలో ఒకరు ఢిల్లీ ఐఐటీలో చదివిన వినోద్ ఖోస్లా. ఆ రోజుల్లో డిస్కులు చాలా ఖరీదు. ప్రతి కంప్యూటర్‌కీ పెద్ద డిస్క్ పెట్టే బదులు, ఒక దాంట్లో పెట్టి మిగతావన్నీ దాన్నే వాడుకుంటే పోలా అన్న ఆలోచన సన్ ఇంజనీర్లకి పనికొచ్చింది. 1984లో ఎన్‌ఎఫ్‌ఎస్ తయారైంది. 1985లో దాన్ని ఎలా కట్టారో వివరిస్తూ పేపర్ కూడా ప్రచురించారు. 1989లో దాని రెండో వెర్షన్ నియమాలు ఇంటర్నెట్ ప్రమాణ పత్రాల్లో అందరికీ అందుబాటులోకి వచ్చాయి. ఎవరైనా చదివి తమ మెషీన్‌కి రాసుకోవచ్చు. అందుకే వేరే కంపెనీల కంప్యూటర్లలోకీ పాకింది. సన్ కంపెనీని 2010లో ఒరాకిల్ కొనేసింది. దాని పేరు ఈ తరానికి పెద్దగా తెలియదు. ఎన్‌ఎఫ్‌ఎస్ మాత్రం ఇవాళ్టికీ పనిచేస్తూనే ఉంది.

వాళ్లు చేసిన తెలివైన పని ఏంటంటే, ప్రోగ్రామ్‌లకి అసలు విషయమే తెలియనివ్వలేదు. మీ ఎడిటర్ 'ఈ ఫైల్ తెరువు' అని ఆపరేటింగ్ సిస్టమ్‌ని అడుగుతుంది. ఫైల్ లోపలి డిస్క్‌లో ఉంటే అక్కడి నుంచి తెస్తుంది. నెట్‌వర్క్ ఫోల్డర్‌లో ఉంటే ఆ అడిగినదాన్నే ఒక చీటీలా చేసి కేబుల్ మీద సర్వర్‌కి పంపిస్తుంది. జవాబు రాగానే ఎడిటర్‌కి అందిస్తుంది. ఎడిటర్‌కి రెండూ ఒకటే. కాబట్టి పాత ప్రోగ్రామ్ ఒక్కటి కూడా మార్చాల్సిన పని పడలేదు.

సర్వర్ వైపు 'ఈ ఫోల్డర్‌ని ఫలానా మెషీన్లు వాడుకోవచ్చు' అని ఒక చిన్న ఫైల్‌లో రాస్తారు. దీన్నే ఎక్స్‌పోర్ట్ చేయడం అంటారు. క్లయింట్ వైపు, అంటే మీరు కూర్చున్న సిస్టమ్‌లో, ఆ ఫోల్డర్‌ని తెచ్చి ఒకచోట తగిలిస్తారు. దాన్ని మౌంట్ చేయడం అంటారు. ఈ రెండు మాటలు తెలిస్తే సగం వచ్చేసినట్టే.

అలిపిరి టోకెన్ లాంటిదే

అలిపిరి నుంచి నడిచి కొండెక్కినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. కింద కౌంటర్‌లో బ్యాగు ఇస్తాం, టోకెన్ ఇస్తారు. పైకి పోయి ఆ టోకెన్ చూపిస్తే బ్యాగు చేతికొస్తుంది. పైనున్న మనిషికి మీ ముఖం తెలియదు, మీ ఊరు తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు. కావాల్సిందంతా టోకెన్‌లో ఉంది. మధ్యలో డ్యూటీ మారి ఇంకొకాయన వచ్చినా ఫర్వాలేదు.

పాత ఎన్‌ఎఫ్‌ఎస్, అంటే 2, 3 వెర్షన్లు, అచ్చం ఇలాగే పనిచేస్తాయి. ఫైల్ కోసం మొదటిసారి అడిగినప్పుడు సర్వర్ ఒక టోకెన్ ఇస్తుంది. దాన్ని ఫైల్ హ్యాండిల్ అంటారు. ఆ తర్వాత క్లయింట్ ప్రతిసారీ 'ఈ టోకెన్ ఉన్న ఫైల్‌లో, ఇక్కడి నుంచి ఇంత ఇవ్వు' అని పూర్తిగా చెప్పి అడుగుతుంది. ఎవరు ఏ ఫైల్ తెరిచి పెట్టుకున్నారో సర్వర్ గుర్తుపెట్టుకోదు. మీరు పట్టుకున్న టోకెన్ తాలూకు ఫైల్‌ని ఈలోగా ఎవరైనా డిలీట్ చేసేస్తే 'స్టేల్ ఫైల్ హ్యాండిల్' అని వస్తుంది. అంటే టోకెన్ ఉంది కానీ బ్యాగు లేదు!

ఇలా గుర్తుపెట్టుకోకపోవడం లోపంలా అనిపిస్తుంది కదా? దాని గొప్పతనం నేను ఒక ప్రాక్టికల్ ఎగ్జామ్ రోజు చూశాను.

నలభై స్క్రీన్లు ఒక్కసారిగా ఆగిపోయాయి

ఉదయం పదకొండు కావస్తోంది. నలభై మంది పిల్లలు, బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్. ల్యాబ్‌కి జెనరేటర్ లైను ఉంది. సర్వర్ ఉన్న గదిలో మాత్రం యూపీఎస్ చేతులెత్తేసింది. సర్వర్ ఆగిపోయింది. అంతే, సేవ్ కొట్టినవాళ్ల స్క్రీన్ సేవ్ కొట్టినచోటే బిగుసుకుపోయింది. తెర మీద ఒక్కటే లైను... సర్వర్ జవాబివ్వడం లేదు, ఇంకా ప్రయత్నిస్తున్నాను అని.

"అన్నా, పోయినట్టేనా?" అని ఒక పాప కళ్లల్లో నీళ్లు పెట్టుకుంది. వెనక వరసలో ఒకడు పవర్ బటన్ మీద వేలు పెట్టేశాడు. "ఒరేయ్, ఎవరూ ఆఫ్ చేయొద్దు, రీస్టార్ట్ కొట్టొద్దు, అట్లే కూర్చోండి" అని అరిచి సర్వర్ గదికి పరిగెత్తాను.

ఇక్కడ ఒక సెట్టింగ్ గురించి చెప్పాలి. మౌంట్ చేసేటప్పుడు హార్డ్, సాఫ్ట్ అని రెండు పద్ధతులుంటాయి. సాఫ్ట్ అంటే సర్వర్ పలక్కపోతే కొంతసేపు చూసి 'ఎర్రర్' అని చేతులు దులిపేసుకుంటుంది. అప్పటికి సగం రాసిన ఫైల్ సగంలోనే పాడయ్యే ప్రమాదం ఉంది. హార్డ్ అంటే మొండిఘటం. సర్వర్ వచ్చేదాకా అడుగుతూనే ఉంటుంది. గంటైనా సరే, రోజైనా సరే. మా ల్యాబ్‌లో ఉన్నది హార్డ్.

ఇంకో లైను నుంచి కరెంట్ తగిలించి సర్వర్ లేపేసరికి పావుగంట పట్టింది. నేను ల్యాబ్‌కి తిరిగొచ్చేసరికి కీబోర్డుల చప్పుడు వినిపిస్తోంది. స్క్రీన్లు వాటంతట అవే కదిలాయి. లేచిన సర్వర్‌కి పాత సంగతులేమీ గుర్తులేవు. కానీ అది అవసరం లేదు కదా! నలభై సిస్టమ్‌లూ తమ టోకెన్లు చూపించి మళ్లీ అడిగాయి, అది ఇచ్చేసింది. డిస్క్ మీదకి చేరిందని సర్వర్ ఖాయం చేయని రాతల్ని క్లయింట్లు తమ దగ్గరే అట్టిపెట్టుకుని మళ్లీ పంపాయి. ఆ పావుగంట ఎగ్జామినర్ ఎక్స్‌ట్రా టైమ్ ఇచ్చారు. ఒక్కరి ప్రోగ్రామ్ కూడా పోలేదు.

2000 తర్వాత వచ్చిన నాలుగో వెర్షన్ కొంచెం మారింది. ఎవరు ఏ ఫైల్ తెరిచారు, ఎవరు లాక్ వేశారు అన్నది సర్వర్ గుర్తుపెట్టుకుంటుంది. ఇద్దరు ఒకే ఫైల్ మీద పడి ఒకరి రాతని ఇంకొకరు చెరిపేయకుండా చూసుకోవడం దీంతో తేలికైంది. మరి సర్వర్ ఆగి లేస్తే? పాత లాక్‌లని మళ్లీ చెప్పుకోవడానికి క్లయింట్లకి కొంత గడువిస్తుంది. లైనక్స్‌లో మామూలుగా అది 90 సెకన్లు.

అసలు సమస్య నమ్మకం

ఇంతవరకూ మంచి సంగతులే చెప్పాను. ఇప్పుడు చెప్పబోయేది మీకు నేరుగా తగిలే విషయం.

ఆ కాలేజీలో నేను చేరేనాటికే సర్వర్ పెట్టేసి ఉంది. ఎవరో కాంట్రాక్టర్ వచ్చి పెట్టిపోయాడు. ఒక సాయంత్రం థర్డ్ ఇయర్ అబ్బాయి ఒకడు ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చి, "అన్నా, ఒకటి చూపిస్తా, తిట్టకూడదు" అన్నాడు. గోడకున్న నెట్‌వర్క్ సాకెట్‌కి కేబుల్ గుచ్చాడు. సర్వర్ ఫోల్డర్ మౌంట్ చేశాడు. తన ల్యాప్‌టాప్‌లో కొత్త యూజర్ ఒకటి సృష్టించి దానికి ఒక నంబర్ ఇచ్చాడు. అంతే, వేరే అమ్మాయి ఫోల్డర్ మొత్తం తెరుచుకుంది. స్కాలర్‌షిప్‌కి అప్లై చేయడానికి స్కాన్ చేసి పెట్టుకున్న ఆధార్, ఇన్‌కమ్ సర్టిఫికెట్, బ్యాంక్ పాస్‌బుక్, అన్నీ. పాస్‌వర్డ్ అడగనే లేదు.

ఇది హ్యాకింగ్ కూడా కాదు. మామూలు ఎన్‌ఎఫ్‌ఎస్‌లో క్లయింట్ మెషీన్ 'నేను 1047 నంబర్ యూజర్ తరఫున వచ్చాను' అంటే సర్వర్ నమ్మేస్తుంది. 1984లో అది తప్పుగా అనిపించలేదు. అప్పట్లో నెట్‌వర్క్‌లోని మెషీన్లన్నీ ఆఫీసువే, వాటి అడ్మిన్ ఒక్కడే. ఇప్పుడు ప్రతి స్టూడెంట్ దగ్గరా ల్యాప్‌టాప్ ఉంది, అందులో వాడే అడ్మిన్. 'రూట్‌నని చెప్పుకుంటూ వస్తే లోపలికి రానివ్వకు' అనే కాపలా ఒకటి ఉంది. దాని పేరు రూట్ స్క్వాష్. అది దొంగ రూట్‌ని ఆపుతుంది. కానీ రూట్ అయినవాడు తన మెషీన్‌లో 1047గా మారి వస్తే ఆపలేదు.

అలిపిరి లెక్కలో చెప్పాలంటే, మీ టోకెన్ నంబర్ ఎవరైనా కాగితం మీద రాసుకొచ్చి చూపిస్తే బ్యాగు ఇచ్చేయడం లాంటిది.

ఆ రాత్రే గోడ సాకెట్లని ల్యాబ్ నెట్‌వర్క్ నుంచి వేరు చేశాం. 'నెట్‌వర్క్‌లో ఎవరైనా' అని ఉన్న ఎక్స్‌పోర్ట్‌ని ల్యాబ్ సిస్టమ్‌ల వరకే కుదించాం. అది తాత్కాలికమే. ఐపీ అడ్రస్‌ని కూడా నటించొచ్చు. ఆ తర్వాత కొన్ని వారాలు కూర్చుని కెర్బెరోస్ పెట్టాం. ఇందులో నంబర్ చెబితే చాలదు. పాస్‌వర్డ్‌తో నిరూపించుకుని, కాలపరిమితి ఉన్న టికెట్ తెచ్చుకుంటేనే సర్వర్ ఫైల్ ఇస్తుంది. కావాలంటే కేబుల్ మీద వెళ్లేదంతా ఎన్‌క్రిప్ట్ కూడా అవుతుంది. 2022లో ఇంకో దారి కూడా ప్రమాణంగా వచ్చింది. మనం బ్యాంక్ వెబ్‌సైట్ తెరిచినప్పుడు తాళం గుర్తు వెనక ఉండే టీఎల్‌ఎస్ రక్షణనే ఎన్‌ఎఫ్‌ఎస్ మాటలకీ తొడగడం. మెషీన్లు సర్టిఫికెట్లతో ఒకదాన్నొకటి గుర్తుపట్టొచ్చు, దారిలో ఎవరూ వినలేరు.

ఆ అబ్బాయి చూసింది నాకు చెప్పకుండా వాడుకుని ఉంటే? ఆ అమ్మాయికి ఎప్పటికీ తెలిసేది కాదు. వ్యక్తిగత సమాచార రక్షణకి మన దేశంలో 2023లో చట్టం వచ్చింది. చట్టం ఉన్నా, కాలేజీ సర్వర్‌లో ఒక లైను సరిగా రాయకపోతే తలుపు తీసి పెట్టినట్టే.

గాదంకి చెప్పే పాఠం

మన ప్రాంతంలో ఈ 'దూరం నుంచి ఫైళ్లు' అన్న విషయం ఎంత పెద్దదో తెలియాలంటే గాదంకి వైపు చూడాలి. తిరుపతి-చిత్తూరు మధ్య ఉన్న ఈ ఊళ్లో అంతరిక్ష విభాగం కింద పనిచేసే జాతీయ వాతావరణ పరిశోధన సంస్థ ఉంది. అక్కడి ఎంఎస్‌టీ రాడార్ 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. 1,024 యాగీ యాంటెన్నాలు వరసలుగా నిలబడి ఆకాశంలోకి సంకేతాలు పంపి, పైన గాలి ఎటు, ఎంత వేగంతో కదులుతోందో కొలుస్తాయి. 1990ల తొలి ఏళ్ల నుంచి కొలతలు పోగవుతున్నాయి.

ఒకరోజు కొలతకి విలువ తక్కువే. ముప్పై ఏళ్ల కొలత పక్కపక్కన పెట్టి చూస్తేనే రుతుపవనాల్లో మార్పు కనిపిస్తుంది. అలాంటి డేటాని ప్రతి పరిశోధకుడూ తన ల్యాప్‌టాప్‌లోకి ఎత్తుకుపోవడం కుదరదు. కుదిరినా, ఒకరి కాపీలో సరిదిద్దింది ఇంకొకరి కాపీలో ఉండదు. డేటా ఒకచోట ఉండి, లెక్కలు కట్టే మెషీన్లు అక్కడికే రావాలి. ప్రపంచంలో వాతావరణ లెక్కలు కట్టే పెద్ద కంప్యూటర్ క్లస్టర్లన్నీ ఈ సూత్రం మీదే నడుస్తాయి. వందల మెషీన్లకి ఒకే ఫైల్ సిస్టమ్ కనిపిస్తుంది. ఒక్క సర్వర్ అంత బరువు మోయలేదని 2010లో వచ్చిన ఎన్‌ఎఫ్‌ఎస్ 4.1లో ఒక ఏర్పాటు చేశారు. ఒకే ఫైల్‌ని చాలా సర్వర్లలో పరిచి, అన్నిటి నుంచీ ఒకేసారి చదవొచ్చు.

ఏర్పేడులో ఐఐటీ, ఐసర్, శ్రీసిటీలో ట్రిపుల్ ఐటీ... మన చుట్టుపక్కల చదువుకుంటున్నవాళ్లు రేపు ఏ రీసెర్చ్‌కి పోయినా, ఏ కంపెనీకి పోయినా ఇలాంటి ఒక షేర్డ్ ఫైల్ సిస్టమ్ ఎదురుపడుతుంది. అది ఎలా నడుస్తుందో తెలిసినవాళ్లకి మొదటి రోజు నుంచే పని తేలిక.

మరి డ్రైవ్ ఉంది కదా?

"గూగుల్ డ్రైవ్ ఉండగా ఇదంతా ఎందుకు?" అని మీకు అనిపించే ఉంటుంది. రెండూ వేరు. డ్రైవ్ లాంటివి చాలావరకు కాపీల లెక్క. ఫైల్ కిందికి వస్తుంది, మీరు మారుస్తారు, మళ్లీ పైకి పోతుంది. ఎన్‌ఎఫ్‌ఎస్‌లో ప్రోగ్రామ్ సర్వర్‌లోని ఫైల్ మీదే పనిచేస్తుంది. 20 జీబీ ఫైల్‌లో మీకు కావాల్సిన నాలుగు లైన్లు మాత్రమే కేబుల్ మీద వస్తాయి.

అలాగని ఇంటర్నెట్ మీద, మొబైల్ డేటాతో ఎన్‌ఎఫ్‌ఎస్ వాడదామనుకోకండి. లెక్క చూడండి. ఒక ప్రాజెక్టులో పది వేల చిన్న ఫైళ్లున్నాయి. ఒక్కోదానికి మూడుసార్లు సర్వర్‌ని అడగాలి అనుకుందాం. మొత్తం 30 వేల పిలుపులు. ల్యాబ్ కేబుల్ మీద ఒక్కో పిలుపుకి అర మిల్లీసెకను పడితే 15 సెకన్లలో అయిపోతుంది. మొబైల్ నెట్‌లో 50 మిల్లీసెకన్లు పడితే అదే పనికి 25 నిమిషాలు! స్పీడ్ ఎంతున్నా సరే, పోయి రావడానికి పట్టే టైమే దెబ్బ కొడుతుంది. దానికి తోడు భద్రత సమస్య. ఎన్‌ఎఫ్‌ఎస్ వాడే 2049 పోర్టుని ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టడమంటే వీధిలో బీరువా పెట్టడమే.

ఒకే గోడల మధ్య, మంచి కేబుల్ మీద, నమ్మదగిన ఏర్పాటుతో... ఎన్‌ఎఫ్‌ఎస్‌కి సరైన చోటు అదీ.

ఇంట్లో మీరే చేసి చూడండి

మూలన పడున్న పాత ల్యాప్‌టాప్ ఉంటే చాలు. లైనక్స్ వేసి ఒక ఫోల్డర్‌ని ఎన్‌ఎఫ్‌ఎస్‌తో ఎక్స్‌పోర్ట్ చేయండి, ఇంకో లైనక్స్ మెషీన్‌లో మౌంట్ చేయండి. ఒక దాంట్లో ఫైల్ సృష్టించి రెండో దాంట్లో చూడండి. తర్వాత కావాలనే కేబుల్ పీకి, కొంతసేపాగి మళ్లీ పెట్టండి. నేను ల్యాబ్‌లో చూసినదే చిన్న సైజులో మీ ముందు జరుగుతుంది.

ఇంట్లో విండోస్ మాత్రమే ఉంటే దాని షేరింగ్ పద్ధతి వేరు. పేరు ఎస్‌ఎంబీ. పని మాత్రం ఇలాంటిదే. సినిమాల ఫోల్డర్‌ని పాస్‌వర్డ్ పెట్టి షేర్ చేసి, ఫోన్‌లో వీఎల్‌సీ ప్లేయర్ తెరిచి లోకల్ నెట్‌వర్క్‌లో వెతకండి. ఇంటి వైఫై మీదే సినిమా ఆడుతుంది. ఒక్క ఎంబీ కూడా మీ డేటా ప్యాక్‌లో తగ్గదు, ఫోన్ స్టోరేజీ నిండదు.

ఇంట్లో చేసి చూశాక, కాలేజీకి పోయినప్పుడు మీ ల్యాబ్ చూసుకునే అన్ననో, సార్‌నో, మేడమ్‌నో మూడు ప్రశ్నలు మర్యాదగా అడగండి. మా ఫైళ్ల బ్యాకప్ ఎన్ని రోజులకోసారి తీస్తారు? మా ఫోల్డర్ ఏయే మెషీన్ల నుంచి తెరుచుకుంటుంది? సర్వర్ మమ్మల్ని నంబర్ చూసి నమ్ముతుందా, నిరూపించుకుంటేనే నమ్ముతుందా?

మూడో ప్రశ్నకి జవాబు స్పష్టంగా రాకపోతే కంగారు పడొద్దు. జవాబు వచ్చేదాకా ఆధార్, పాస్‌బుక్ లాంటివి మాత్రం ఆ ఫోల్డర్‌లో పెట్టకండి. ప్రోగ్రామ్ పోతే మళ్లీ రాసుకోవచ్చు. మీ వివరాలు బయటికి పోతే వెనక్కి తెచ్చుకోలేం.